ఎడమకు జరిగిన తేదీ

"ఒంటిగంటకు వాణ్ణి కోర్టుకు తోలిస్తున్న సారూ. ఆ తర్వాత మీరు భూతద్దం పెట్టి చూసినా ఫాయిదా లేదు," అని ఇన్‌స్పెక్టర్ రామ్మోహనరావు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

డిటెక్టివ్ విశ్వేశ్వరరావు గోడ గడియారం వైపు చూశాడు. పది ముప్ఫై అయిదు. మార్చి పద్నాలుగు, డెబ్భై నాలుగో సంవత్సరం, గురువారం. చేతిలో ఉన్నది రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఆలోపల ఎల్లేశం ఖూనీ చేయలేదని తేలకపోతే ఆ పిల్లవాడి మెడకు పడే తాడును తర్వాత విప్పడం ఎవరి తరమూ కాదు.

సంగతి మొదటి నుంచీ చెప్పుకుంటే ఇంతే. లింగంపల్లి అవతల కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీలో ఫిబ్రవరి ఇరవై ఆరున క్రేను గొలుసు తెగింది. కింద ఉన్న కూలీ ఒకడు అక్కడికక్కడే పోయాడు. కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు. మొగిలికి తల పగిలింది, నర్సింహకు కాలు విరిగింది. ఇద్దరినీ ఫ్యాక్టరీ ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద వేశారు. తెగింది కొత్త గొలుసేనని ఆఫీసువాళ్ళు అంటారు. కాదు, తుప్పు పట్టిన పాతదని వీళ్ళిద్దరూ అంటారు. ఈ నెల పద్దెనిమిదిన విచారణ పెట్టారు. ఇంతలో మొగిలి మంచం మీంచి మాయమయ్యాడు. వాణ్ణి వెతుక్కుంటూ పోయిన పోలీసులు ఆసుపత్రి జీపు డ్రైవరు ఎల్లేశం దగ్గర ఆగారు.

"మూడు సాక్ష్యాలు," అని ఇన్‌స్పెక్టర్ వేలు మడిచాడు. "ఒకటి, దవాఖాన షీటు. మొగిలిని పంపింది 6-3-74 అని సాఫ్ రాసుంది. రెండు, గేటు బుక్కు. అదే ఆరో తారీఖు ఎల్లేశం జీపు పదకొండు పదికి బయటికి పోయింది, రెండు నలభైకి వాపస్ వచ్చింది. చీటీ లేదు, పర్మిషన్ లేదు. మూడు, జీపు వెనక సీటు కింద రక్తం. ఇంకేం గావాలె?"

"శవం కావాలండి."

"దొరుకుతది. పుప్పాలగూడ గుట్టలల్ల వెతికిస్తున్న."

"ఎల్లేశం ఏమంటున్నాడు?"

"కోకాపేటల ఎవరో ఆడమనిషికి నొప్పులొస్తె తీసుకొస్తుండెనట, తొవ్వల్నే కాన్పయిందట, రక్తం గదేనట. గంత మంచిపని చేసినోడు మేం పట్టుకునేదాంక నోరెందుకు విప్పలే?"

"చీటీ లేకుండా జీపు తీస్తే కొలువు పోతుంది గనక. ఆ బాలింతను అడిగారా?"

"అడిగిన. కాన్పు నిజమే, మొగపిల్లగాడు. తల్లీబిడ్డ మంచిగున్నరు. అయితే? పోయేటప్పుడు ఒకణ్ణి పైకి పంపిండు, వచ్చేటప్పుడు ఒకణ్ణి కిందికి దింపిండు. మూడున్నర గంటలల్ల రెండు పనులు కావా?"

అవుతాయి. ఆ వాదనలో విశ్వేశ్వరరావుకు చిల్లు కనబడలేదు. కాకపోతే ఒకటి కనబడింది. గేటు బుక్కూ రక్తమూ వాటంతట అవి నిలబడవు, రెండూ ఆ ఒక్క తేదీ భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాయి.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఈ కేసుకు అతణ్ణి పోలీసులూ పిలవలేదు, ఫ్యాక్టరీవాళ్ళూ పిలవలేదు. అరవై ఏడు వానాకాలంలో, బందరు నుంచి కొత్తగా దిగిన రోజుల్లో, ఎవరినో వెతుక్కుంటూ పుప్పాలగూడ వెళ్ళి అక్కడే టైఫాయిడుతో పడిపోయాడు. ఊరూ పేరూ తెలియని మనిషిని ఎల్లేశం తల్లి బుచ్చమ్మ తన వసారాలో నులక మంచం వేసి ఇరవై ఒక్క రోజులు చూసుకుంది. గంజి వద్దని మొహం తిప్పుకుంటే మంచం కోడు రెండు చేతులా పట్టుకుని కింద కూర్చునేది. "తాగినంక లేస్త. నాకేం పనున్నది?" అనేది. పని లేకపోవడమేమిటి, రెండు బర్రెలు, ఎకరం జొన్న చేను, మంచాన పడ్డ అత్త. అయినా గిన్నె ఖాళీ అయ్యేదాకా కోడు వదిలేది కాదు. ఆ గంజి రుచి నాలుక మరిచిపోవచ్చు గానీ ఒళ్ళు మరిచిపోదు. నిన్న మధ్యాహ్నం బుచ్చమ్మ కబురు అందగానే అతను పెరుగన్నం కలిపిన చెయ్యి కడుక్కుని బస్సెక్కాడు.

"ముందు మొగిలి పడుకున్న మంచం చూద్దాం పదండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ షీటును చాపచుట్టలా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. సాక్ష్యాన్ని ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదు.

వార్డులో ఏడో మంచం ఖాళీగా ఉంది. పరుపు మీద ఉతికిన దుప్పటి. పక్కన ఎనిమిదో మంచం మీద నర్సింహ, తొడ దాకా సిమెంటు కట్టుతో. ఆ మంచం పక్కన నేలమీద గిన్నె, గంటె పెట్టుకుని బుచ్చమ్మ.

"వచ్చినవా కొడుకా. బక్కగైనవు," అంది, అదే మొదటి మాట.

"మీరిక్కడ ఏం చేస్తున్నారమ్మా?"

"నా కొడుకు దగ్గరికి పోనిస్తలేరు. ఈ పిలగాని తల్లి మెదక్ దిక్కుల ఉన్నదట, ఇంక రాలే. నేను ఈనికింత పెడ్తె, ఆడ నా కొడుక్కు ఎవలో ఒకలు పెడ్తరు."

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

విశ్వేశ్వరరావు వంగి మంచం కింద చూశాడు, పరుపు ఎత్తి చూశాడు, చివరికి మంచం కాళ్ళవైపు తగిలించిన జ్వరం కాగితం చేతిలోకి తీసుకున్నాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రోజుకు మూడు గడులు. ఫిబ్రవరి ఇరవై ఆరు నుంచి గడి తప్పకుండా అంకెలున్నాయి. మార్చి అయిదు పొద్దున ఆరింటికి తొంభై తొమ్మిది. ఆ మధ్యాహ్నం గడి ఖాళీ. సాయంత్రం ఖాళీ. ఆరో తేదీ పొద్దున ఖాళీ.

"ఆరో తేదీ పదకొండింటి దాకా మొగిలి ఇక్కడే ఉంటే, మూడు సార్లు జ్వరం చూడలేదేమండీ?"

"నర్సు మరిచింది."

విశ్వేశ్వరరావు ఎనిమిదో మంచం కాగితం తీసి రెండూ పక్కపక్కన పట్టుకున్నాడు. "నర్సింహ కాగితం చూడండి. అయిదో తేదీ మధ్యాహ్నం అంకె ఉండాల్సిన గడిలో 'ఆపరేషను గదిలో' అని రాసింది. మంచం మీద లేని మనిషి ఎక్కడున్నాడో కూడా రాసిన అమ్మాయి, మంచం మీద ఉన్నవాణ్ణి మరిచిపోతుందా? ఆవిడ ఎక్కడ?"

"రాజమండ్రి దిక్కు పోయింది, సెలవు మీద. టెలిగ్రాం ఇచ్చినం."

నర్సింహ మోచేతుల మీద లేచాడు. "నన్ను అయిదో తారీఖు పదిగంటలకు కట్టు కట్టెటందుకు తీస్కపోయిండ్రు సారూ. తెల్లారి ఏడింటికి తెచ్చి పండవెట్టిండ్రు. అప్పటికే మొగిలన్న లేడు."

"మత్తుమందు మీదున్నోనికి తారీఖులు గుర్తుంటయా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నోట్ చేస్కోను."

"మీరు చేసుకోకండి. నేను చేసుకున్నాను."

అప్పుడే ఇస్త్రీ బట్టల్లో కామేశ్వరరావు వచ్చాడు. ఫ్యాక్టరీలో స్టోర్సు, ఆసుపత్రి, బళ్ళు మూడూ అతని చేతికిందే నడుస్తాయి. మాట మెత్తన, అడుగు మెత్తన.

"టీ పంపించమంటారాండీ? ఇన్‌స్పెక్టరుగారూ, ఆ షీటు కాస్త ఇప్పిస్తే కార్డుల పంచింగుకు పంపుతాను. నెల రిపోర్టు ఆగిపోయిందండి."

"కేసు ఒడిసినంక," అని ఇన్‌స్పెక్టర్ షీటు చుట్టను ఇంకాస్త నొక్కి పట్టుకున్నాడు.

"ఒక్క మాట," అన్నాడు విశ్వేశ్వరరావు. "రోగిని ఇక్కడినుంచి బయటికి పంపాలంటే పద్ధతేమిటండీ?"

"చీటీ ఉండాలండి. బండి కావాలంటే మూడు రోజుల ముందు పెట్టాలి. నా సంతకం పడాలి. మా దగ్గర చీటీ లేకుండా ఈగ కూడా కదలదు."

"ఆ చీటీలు?"

"షీటులోకి ఎక్కించగానే చింపేస్తామండి. ఎక్కడ దాచుకుంటాం అంత కాగితం?"

"మొగిలి చీటీలో ఏముంది?"

"మామూలు డిశ్చార్జేనండి. తేదీ షీటులో ఉంది కదా." కామేశ్వరరావు నవ్వి, వచ్చినంత మెత్తగానే వెళ్ళిపోయాడు.

పదకొండు ఇరవై.

షీటు రాసేది సీతాబాయి. ఆసుపత్రి వెనక, కార్డులకు చిల్లులు కొట్టే గదిలో కూర్చుంటుంది. మనుషుల వివరాలన్నీ ముందు షీటులో గడి గడికీ రాస్తుంది, వాటిని చూసి యంత్రం మీద అట్టముక్కలకు చిల్లులు కొడతారు, ఆ చిల్లులు చూసి ఇంకో పెద్ద యంత్రం లెక్కలు చెబుతుంది. గదిలో టకటక చప్పుడుకు మాట వినిపించడమే కష్టం. పోలీసు టోపీ చూడగానే ఆ చప్పుడు ఆగిపోయింది.

"పేరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సీతాబాయి సార్. టోకెన్ సున్నా మూడు ఎనిమిది ఎనిమిది."

"నీ పేరే అడిగిన."

"ఇక్కడ పేరంటె రెండూ చెప్తం సార్."

ముప్ఫై అయిదేళ్ళుంటాయి. వేలికి సిరా మరక. తను రాసిన ఒక గడి వల్ల ఒక మనిషి ఉరికంబం ఎక్కబోతున్నాడని మూడు రోజులుగా అన్నం సయించడం లేదని తర్వాత చెప్పింది. విశ్వేశ్వరరావు ఆమెను కూర్చోమని, షీటును బల్ల మీద పరిపించాడు. దుప్పటంత కాగితం, అడ్డంగా మనుషులు, నిలువుగా వివరాలు. ఒక్కో వివరానికి కొన్ని చిన్న గళ్ళు, గడికి ఒక్క అక్షరం.

"మొగిలి వరస చదవమ్మా."

"టోకెన్ సున్నా నాలుగు ఒకటి రెండు..."

"నాలుగు వందల పన్నెండని చెప్పరాదు? టైం పోతున్నది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అట్లనొద్దు సార్. సున్నా తీస్తె మనిషే మారిపోతడు. వట్టి నాలుగు వందల పన్నెండు క్యాంటీన్ల వంటాయనది. టోకెను నంబరు చూసెటందుకు నంబరు, కానీ అది పేరు."

విశ్వేశ్వరరావు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "వయసు?"

"ఖాళీ."

"సున్నా వేయలేకపోయావా?"

"సున్నా వేస్తె అప్పుడే పుట్టినోడైతడు సార్. ఖాళీ అంటె మాకు తెల్వదని."

"తర్వాత?"

"మంచం సున్నా ఏడు. డిస్పోజల్ ఆరు, మూడు, డెబ్భై నాలుగు."

షీటు నెత్తిన ఆ గడుల మీద డిస్పోజల్ అని అచ్చు వేసి ఉంది. ఎప్పుడు పంపారు అన్నా అదే, ఎక్కడికి పంపారు అన్నా అదే. ఆ మాట కడుపులో రెండూ పడతాయి.

"ఇది తేదీయేనా సీతాబాయీ?"

"తేదీయో, ఏమో సార్. నేను అర్థం చూడ. చీటీల ఉన్నది గడిల వేస్త. దినానికి రెండు వందల చీటీలు. మనసు పెడ్తె తప్పులొస్తయి. చెయ్యే చూస్కుంటది."

"పైన తారీఖే, కింద తారీఖే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నడుమ ఉన్నది వంకాయల ధరా?"

విశ్వేశ్వరరావు షీటు మీదికి వంగాడు. వేలు పెట్టి ఆ నిలువు వరసనే పైనుంచి కిందికి దిగుతున్నాడు. 2-3-74. 4-3-74. ఒకచోట పెద్దాసుపత్రి, ఒకచోట నాందేడ్, ఇంగ్లీషు అక్షరాల్లో. మళ్ళీ తేదీలు. పది గళ్ళ చోటులో తేదీలన్నీ కుడి అంచుకు ఆనుకుని ఉన్నాయి, ముందు గళ్ళు ఖాళీ. ఊళ్ళ పేర్లు ఎడమ అంచున మొదలయ్యాయి, వెనక గళ్ళు ఖాళీ. మొగిలి దగ్గరకొచ్చి వేలు ఆగింది. ఆరు అంకె ఎడమ చివరి గడిలో కూర్చుని ఉంది. చివరి అంకె తర్వాత నాలుగు గళ్ళు ఖాళీ.

"ఇది ఎడమకు ఎందుకు జరిగిందమ్మా?"

సీతాబాయి తొంగిచూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. "నేను అంకెలు ఎడమకు రాయ సార్. ఎన్నడు రాయ. ఒక్కసారి రాసి గడ్డి తిన్న."

"ఎప్పుడు?"

"డెబ్భై ఒకటిల, కొలువు కొత్తల. వెల్డరు రాజయ్య వయసు ఇరవై ఎనిమిది. మూడు గళ్ళుంటె ఎడమకెళ్ళి రాసిన. చివర ఖాళీ గడిని మిషను సున్నా అనుకున్నది. రెండు వందల ఎనభై ఏండ్లోడయిండు. రిటైరుమెంటు లిస్టుల మొదటి పేరు ఆయనదే వచ్చింది. ఆయన పెండ్లాం ఇక్కడికొచ్చి నిలబడి అడిగింది, నేను గంత ముసలోణ్ణి చేస్కున్ననా అని."

ఇన్‌స్పెక్టరుకు నవ్వు వచ్చింది. దగ్గుతున్నట్టు నటించాడు.

"ఆ దినంసంది ఒక్కటే మాట పట్టుకున్న సార్. కూడేది కుడికి, పిలిచేది ఎడమకు."

"తేదీ కూడేదా, పిలిచేదా?"

"కూడేదే. తారీఖులకెళ్ళి తారీఖు తీస్తె ఎన్ని దినాలు మంచంల పన్నడో వస్తది. అందుకే కుడికి."

"అంకెలే ఉండి, ఎడమకు వెళ్ళేవి ఏమిటి?"

"టోకెను. మంచం. ఇంకా ఇంటి..." సీతాబాయి ఆగిపోయింది.

విశ్వేశ్వరరావు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "మీ ఇంటి నంబరులోంచి పక్కింటి నంబరు తీసేస్తే ఏమొస్తుందండి?"

"తన్నులొస్తయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పరాకుగా. అనేశాక అతని చెయ్యి మీసం మీదే ఉండిపోయింది.

బందరులో తన వీధిలో ఇంటికి యజమాని పేరే గుర్తు. నగరంలో దిగిన కొత్తలో విశ్వేశ్వరరావు తలుపుల మీద మూడేసి అంకెలు, మధ్యన గీతలు చూసి, ఇక్కడివాళ్ళు ఇల్లు కట్టిన తేదీని ఎంత ముచ్చటగా రాసుకున్నారో అనుకున్నాడు. వారం రోజులు అలాగే అనుకుని, ఒక ఇంటివాణ్ణి పుట్టినరోజు ఎప్పుడు చేస్తారని కూడా అడిగాడు. వార్డు, బ్లాకు, ఇల్లు. ఆరు, మూడు, డెబ్భై నాలుగు. డెబ్భై నాలుగో సంవత్సరంలో ఆ ఇంటి నంబరుకు తేదీ వేషం ఎంత చక్కగా కుదిరిందంటే, బుర్ర ఉన్నవాళ్ళందరూ మోసపోయారు. బుర్రను పక్కన పెట్టిన చెయ్యి ఒక్కటే మోసపోలేదు.

"చీటీల 'ఇ.నం.' అని ఉండి ఉంటది సార్," అంది సీతాబాయి మెల్లగా. "గా అక్షరాలు మేం ఎక్కించం. చెయ్యి అది చూసి ఎడమకు పోయుంటది."

"ఆరు మూడంటె ఖైరతాబాద్ దిక్కు వార్డు," అని ఇన్‌స్పెక్టర్ ఫోను దగ్గరికి నడిచాడు. ఒప్పుకున్నానని అనలేదు. నంబరు తిప్పుతూ మాత్రం, "తప్పయితె మిమ్మల్ని పుప్పాలగూడ గుట్టలల్ల తవ్వెటందుకు పంపిస్త," అన్నాడు.

"పార తెచ్చుకుంటానండి."

పదకొండు యాభై రెండు. ఆ తర్వాత ముప్ఫై ఆరు నిమిషాలు ఎదురుచూపే. ఒకసారి కామేశ్వరరావు గుమ్మంలోకి వచ్చి షీటు అడిగాడు. జర ఆగమన్నాడు ఇన్‌స్పెక్టర్. వెళ్ళిపోయాడు.

పన్నెండు ఇరవై ఎనిమిదికి ఫోను మోగింది. ఇన్‌స్పెక్టర్ విన్నాడు. "ఆఁ" అన్నాడు. ఇంకో "ఆఁ" అన్నాడు. కూర్చున్నాడు.

"ఉన్నడు. బతికే ఉన్నడు. వెనక అర్రల, బయట తాళం. నిద్రమందు ఇచ్చెటందుకు ఒక కంపౌండరు కాపల. తాళం పగలగొట్టంగనే మొగిలి మంచినీళ్ళడిగిండట."

సీతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విశ్వేశ్వరరావు కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ ఫోను తీసి స్టేషనుకు చెప్పాడు. ఎల్లేశాన్ని విడిచిపెట్టండి, జీపులో ఇక్కడికే తీసుకురండి, తినలేదంటే ముందు తినిపించండి. పెట్టేసి, సీతాబాయి ముందు నిలబడ్డాడు. "చెల్లె, నేనొక నిర్దోషిని పంపుతుంటి. నీ చెయ్యి ఆపింది. ఆ చెయ్యికి దండం."

"రాజయ్య పెండ్లానికి పెట్టండి సార్," అంది సీతాబాయి. "ఆమె తిట్టకపోతె నాకు రాకపోవు."

కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి పూనకం ఎక్కువంటారు. ఇన్‌స్పెక్టర్ షీటు మీద పడ్డాడు. "ఇంకోటి దొరికింది చూడండి. మన నర్సింహ వరసల. 14-3-74. ఇదీ ఇంటి నంబరే. ఖాయంగ చెప్తున్న. ఈ షీటు పదకొండో తారీఖే నేను జప్తు చేసిన. ఇంక రాని తారీఖు అంతకుముందే ఎట్ల రాస్తరు?"

వాదన గట్టిదే. విశ్వేశ్వరరావు నవ్వుతూ వంగాడు. నవ్వు అలాగే మొహం మీద ఎండిపోయింది.

ముందు మూడు గళ్ళు ఖాళీ. చివరి అంకె నాలుగు, కుడి అంచున.

"అది కుడికున్నది సార్," అంది సీతాబాయి. "అది తారీఖే."

బండి కావాలంటే మూడు రోజుల ముందు చీటీ. పదకొండుకు మూడు కలిపితే పద్నాలుగు. ఆరు వారాలు కదలకూడని కట్టుతో ఉన్న మనిషిని పంపడానికి ఎవరో మూడు రోజుల కిందటే ఈవేళను నిర్ణయించారు.

"ఇవాళ," అన్నాడు విశ్వేశ్వరరావు. అప్పటికే పరుగెత్తుతున్నాడు.

పన్నెండు ముప్ఫై నాలుగు. వార్డు వరండాలో స్టోర్సు వ్యాను వెనక తలుపులు తీసి ఉంది. లోపల ఎనిమిదో మంచం దగ్గర స్ట్రెచరు పట్టుకుని ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనక చెమట తుడుచుకుంటూ కామేశ్వరరావు. మంచం మీద నర్సింహ ఉన్నాడు. నేలమీద బుచ్చమ్మ మంచం కోడు రెండు చేతులా వాటేసుకుని కూర్చుని ఉంది.

"గంజి ఒడవలే," అంటోంది. "పిలగాడు తాగినంక తీస్కపోండ్రి. నాకేం పనున్నది?"

"అర్ధగంట సంది ఇదే మాట సారూ," అన్నాడు స్ట్రెచరువాడు ఏడుపు మొహంతో. "గంజిల గంటె తిప్పుతది, వానికి పొయ్యది. ముసలామె మీద చెయ్యెట్ల వేస్తం?"

ఏడేళ్ళ కింద విశ్వేశ్వరరావు మంచం కోడు పట్టుకున్నవీ ఈ చేతులే. గిన్నెలో గంజి సగం అలాగే ఉంది. చల్లారి మీగడ కట్టింది.

స్ట్రెచరువాడి జేబులోంచి ఇన్‌స్పెక్టర్ బండికిచ్చిన చీటీ నకలు లాగాడు. నర్సింహ, మంచం సున్నా ఎనిమిది, తేదీ 14-3-74. ఆ కింద ఇ.నం. 6-3-74. ఆ కింద సంతకం. అందరికీ తెలిసిన కామేశ్వరరావు గుండ్రటి సంతకం.

"డిశ్చార్జేనండి," అన్నాడు కామేశ్వరరావు. "ఏదో పొరపాటు..."

"మీ దగ్గర చీటీ లేంది ఈగ కూడ కదలదంటిరి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అతని మణికట్టు పట్టుకుని. "మా దగ్గర గా పరేషాన్ లేదు. నడువుండ్రి."

అతని కోటు జేబులు ఖాళీ చేశారు. తాళంచెవి, పొడుం డబ్బా, నాలుగు మడతల కాగితం ఒకటి.

ఒంటిగంటకు అయిదు నిమిషాలుండగా పోలీసు జీపు దిగి ఎల్లేశం వచ్చాడు. మూడు రోజుల గడ్డం, కాళ్ళకు చెప్పుల్లేవు. తల్లి దగ్గరకొచ్చి కూలబడ్డాడు. బుచ్చమ్మ ఒక చెయ్యి కోడు మీంచి తీసి కొడుకు తల మీద వేసింది, రెండోది తీయలేదు.

"తిన్నవా?"

"తిన్న అవ్వా. ఎస్సై సాబు ఇంట్లకెళ్ళి టిఫిను వచ్చింది."

"చెప్పలే?" అంది బుచ్చమ్మ, విశ్వేశ్వరరావు వైపు చూసి. "ఎవలో ఒకలు పెడ్తరని."

"మీ రుణం ఇంకా తీరలేదమ్మా," అన్నాడు అతను.

"రుణమేంది కొడుకా. గంజికి రుణముంటదా?"

ఇన్‌స్పెక్టర్ ఆ నాలుగు మడతల కాగితం విప్పి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. "ఇదీ చీటీయే. పేరు లేదు, ఉత్త నంబరున్నది. తారీఖు 17-3-74. విచారణకు ముందటి దినం. నంబరు మూడు వందల ఎనభై..."

"సున్నా ఉందా చూడండి," అన్నాడు విశ్వేశ్వరరావు.

"ముందల ఒక సున్నా ఉన్నది."

గుమ్మంలో షీటు చుట్ట పట్టుకుని నిలబడ్డ సీతాబాయి, అలవాటైన గొంతుతో, ఎవరో నిద్రలో చదివినట్టు చదివింది. "సున్నా మూడు ఎనిమిది ఎనిమిది." చదివాక అది తన టోకెనేనని, చింపేసిన చీటీలన్నీ చూసింది తనేనని ఆమెకు అర్థమైంది.

విశ్వేశ్వరరావు కాగితం అందుకున్నాడు. కింద సంతకం ఉంది. పొడుగ్గా, వాలుగా, పెద్ద ఆఫీసర్లు వాడే పచ్చసిరాతో. అది కామేశ్వరరావుది కాదు. బేడీలతో నిలబడ్డ కామేశ్వరరావు ఆ సిరా రంగు చూసి, అంతసేపూ లేని భయంతో కళ్ళు దించుకున్నాడు.

బుచ్చమ్మ అందరి మొహాలూ చూసింది. చీటీ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, చదవడం రాదు. సీతాబాయి చేతిలోంచి షీటు చుట్ట జారి పడటం మాత్రం చూసింది.

"ఇట్ల రా బిడ్డా. కూసో," అని మంచం కోడు వదిలి, సీతాబాయి మణికట్టును రెండు చేతులా పట్టుకుంది. "ఎవలొస్తరో రానియ్యి. నాకేం పనున్నది?"